గ్లాసులో పుల్ల

పుస్తకం బావను నేను ఈ జన్మలో క్షమించను. వీధిలో ఎదురుపడితే పలకరిస్తాను, ఇంటికొస్తే కుర్చీ జరుపుతాను. అది మర్యాద. క్షమించడం వేరే సంగతి.

ఆయన మా ఆవిడకు సొంత అన్న. లైబ్రరీలో అటెండరు. ముప్పై ఏళ్లుగా బీరువాల్లోంచి పుస్తకాలు తీసివ్వడం, తిరిగొచ్చినవి సర్దడం ఆయన పని. మధ్యలో ఖాళీ దొరికితే చదువుతాడు. ఏ పుస్తకమైనా సగమే చదువుతాడు, ఎందుకంటే ఆలోగా ఎవరో ఒకరొచ్చి అదే కావాలంటారు. అందుకని లోకంలో ప్రతి విషయమూ ఆయనకు సగం తెలుసు. మా వంటింటి కుళాయి కారుతుంటే పైపుల పుస్తకం చదివొచ్చి విప్పాడు. విప్పడం మొదటి సగంలో ఉంది. బిగించడం రెండో సగంలో ఉందట. ఆ రోజు ఇంట్లో నిండిన నీళ్లలో మా చెప్పులు మాకంటే ముందు నడిచాయి.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. పుస్తకాల మీద నాకు కోపం లేదు. సగం చదివినవాళ్ల మీదే.

ఇరవై నాలుగేళ్లు ఒక క్లబ్బులో బారు కౌంటరు వెనక నిలబడ్డాను. పన్నెండడుగుల కౌంటరు. రోజూ పొద్దున్నే నిమ్మచెక్కతో తుడిచి, గుడ్డతో రుద్ది, నా మొహం నాకు కనబడేదాకా మెరిపించేవాణ్ణి. కనబడిన మొహం నాది, కౌంటరు మాత్రం వాళ్లది. మోకాళ్లు మొరాయించాక క్లబ్బువాళ్లు నాకో గోడగడియారం ఇచ్చి పంపించారు. మా ఇంట్లో అప్పటికే రెండున్నాయి. మూడూ మూడు టైములు చూపిస్తాయి.

అప్పటినుంచి నాకున్నది ఒకటే కోరిక. సొంత కౌంటరు. చిన్నదైనా సరే. నిమ్మరసం, సోడా, రొట్టెముక్కల మధ్య గుడ్డు. కుర్చీ వేసుకుని కూర్చునే అమ్ముతాను. ఎవడైనా నన్ను నిలబడమంటే వాడికి సరుకివ్వను.

దానికి సరైన చోటు మా ఇంటి పక్కనే ఉంది. మా పడమటి గోడ అవతల ఖాళీ స్థలం సర్వేయరు గారిది. అది వీధి మలుపులో ఉంది. బస్సు దిగినవాడు ఎటు పోవాలన్నా ఆ మూల దాటాల్సిందే. ఆ మూలలో పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ముక్క నాకు పదిహేనేళ్లు వాడుకోమని రాసిస్తే చాలు. అడిగి ఎనిమిది నెలలైంది. "చూద్దాంలే తమ్ముడూ" అంటారు, నవ్వుతారు, వెళ్లిపోతారు. అవుననరు, కాదనరు.

సర్వేయరు గారి గురించి ఒక మాట చెప్పాలి. నలభై ఏళ్లు భూములు కొలిచిన మనిషి. ఆయన టేపు పరిచిన చోట అన్నదమ్ములు విడిపోయారు, విడిపోయినవాళ్లు కొట్టుకున్నారు. అది చూసి చూసి విసుగెత్తి, ఏడేళ్ల కిందట రిటైరైన రోజున ఒట్టు పెట్టుకున్నారు, ఇక బతికినంతకాలం ఏదీ కొలవనని. దర్జీ దగ్గరికి వెళ్లినా పాత చొక్కా ఇచ్చి ఇలాగే కుట్టమంటారు తప్ప నడుముకు టేపు చుట్టనివ్వరు. అయినా ఉక్కు టేపొకటి జేబులో ఉంటుంది. తాళాలు లేని ఇంట్లో ఉంటున్నా తాళాల గుత్తి వదలని మనుషులుంటారు చూడండి, అలా.

ఆ ఒట్టు నాకెంతో నచ్చింది. ఎందుకంటే మా పడమటి గోడ నేనే కట్టించాను, పద్నాలుగేళ్ల కిందట. మేస్త్రీకి తాడు పట్టింది కూడా నేనే. ఆ వారం సర్వేయరు గారు ఊళ్లో లేరు. ఈ రెండు విషయాలకూ సంబంధం లేదు.

ఒకరోజు పుస్తకం బావ చంకలో లావుపాటి పుస్తకం పెట్టుకుని వచ్చాడు. అట్ట మీద పొడుగు కాడల గ్లాసులు మూడు, వాటి పక్కన ఏవో తినే ముక్కలు.

"బావా, నీ పని అయిపోయింది" అన్నాడు.

"ఎనిమిది నెలల కిందటే అయిపోయింది" అన్నాను.

"అది కాదయ్యా. ఇంటికి పిలిచి మర్యాద చేస్తే ఏ పనైనా అవుతుందని ఇందులో ఉంది. ఏ కాక్‌టెయిల్ పక్కన ఏ చిరుతిండి పెట్టాలో పేజీల వారీగా రాశాడు. సర్వేయరు గారిని పిలువు. నువ్వు కలుపు, చెల్లెలు వండుతుంది, నేను చదువుతాను."

మా ఆవిడ వంటింట్లోంచి అంది. "టీ ఇచ్చి అడిగితే సరిపోయేదానికి ఇంత తతంగం దేనికన్నయ్యా?"

"టీకి జవాబు 'చూద్దాం'. ఎనిమిది నెలలుగా టీయే కదా తాగించారు?"

నిజమే అనిపించింది. నా బుద్ధి గడ్డి తిన్న క్షణం అదే.

అక్కడినుంచి గొడవ మొదలైంది. ఏ గ్లాసు పక్కన ఏం పెట్టాలో ఇరవై నాలుగేళ్లలో నా చేతికి తెలిసింది. ఘాటుకు ఉప్పు, పులుపుకు వేపుడు, చేదుకు కొవ్వు, తీపికి గుడ్డు. అంతే. మార్టినీ అంటే జిన్ను, దానికి వాసన తగిలేంత వెర్మూత్ అనే మూలికల వైను. ఘాటుగా ఉంటుంది, పక్కన ఉప్పు నీళ్లలో ఊరిన ఆలివ్ కాయ చాలు. డైకిరీలో రమ్ము, నిమ్మరసం, చక్కెర పాకం. పుల్లటి గ్లాసు, పక్కన వేయించిన బంగాళాదుంప ఉంటే నాలుక శుభ్రమవుతుంది. నెగ్రోనీ చేదు, చీజ్ ముక్క కొరికి తాగితే ఆ చేదే ముద్దొస్తుంది. ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటే విస్కీలో చక్కెర, నాలుగు చుక్కల బిటర్స్ అనే చేదు సారం. మిరియాలు చల్లిన ఉడకబెట్టిన గుడ్డు దానికి జత.

ఇవన్నీ చెబితే బావ పుస్తకం తిరగేసి, "దాదాపు ఇదే ఉంది. గుడ్డు దగ్గర బాదంపప్పు అన్నాడు" అన్నాడు.

"వాడు ఎన్నేళ్లు నిలబడ్డాడో అడుగు."

"రాసినవాడు నిలబడక్కర్లేదు బావా."

ఇంతలో ఇంకో ఆజ్ఞ బయటపడింది. ప్లేట్లు పెట్టకూడదట. ప్లేటు పెడితే భోజనం అనుకుంటారట, భోజనం అనుకుంటే త్వరగా లేచిపోతారట. ఒక చేతిలో గ్లాసు, రెండో చేతిలో పుల్లకు గుచ్చిన ముక్క, అంతే ఉండాలట. ప్రతిదానికీ పుల్ల. బాదంపప్పుకు పుల్ల గుచ్చబోయి మా ఆవిడ పదకొండు పుల్లలు విరగ్గొట్టింది. పన్నెండోది ఆమె వేలికి దిగింది. "ఈ పప్పుకు పుల్ల గుచ్చినవాడు ఎవడో వాణ్ణి నా ముందుకు తీసుకురండి" అంది. అప్పుడు గానీ గుడ్డు ఖాయం కాలేదు.

"చీజ్ ముక్కలు ముప్పావు అంగుళం ఉండాలి చెల్లీ. నాలుగు పక్కలా."

"ఏ పక్కకు ఎంతుంటే ఏంటి? నోట్లోకి వెళ్లాక చతురస్రమా గుండ్రమా అని కడుపు అడుగుతుందా?"

"పుస్తకంలో ముప్పావు అని ఉంది."

ఆమె కత్తి తీసి ఎలా వస్తే అలా కోసింది. అన్న మీద కోపం చీజ్ మీద తీర్చుకుంది.

ఇక్కడ క్లబ్బు సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే జరిగింది అర్థం కాదు. మా క్లబ్బులో సభ్యుణ్ణి "ఇంకోటి పొయ్యమంటారా" అని అడగకూడదు. అడిగితే నేను లెక్కపెడుతున్నానని ఆయనకు కోపం, ఎన్నోదో పక్క టేబుల్లో కూర్చున్న భార్యకు తెలుస్తుందని భయం. అందుకని ఎప్పుడో పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. తాగడం అయ్యాక ఆలివ్ పుల్లను గ్లాసులో వేస్తే, ఇంకోటి పొయ్యి అని. గ్లాసు అంచుల మీద అడ్డంగా పెడితే, చాలు అని. మాటల్లేవు. పుల్ల చూడటం, పొయ్యడం. ఇరవై నాలుగేళ్లు నేను మనుషుల మొహాలు చూడలేదు, పుల్లలు చూశాను. ఇప్పటికీ ఎవరింట్లోనైనా గ్లాసులో చెంచా నిలబడి ఉంటే నా చెయ్యి సీసా కోసం లేస్తుంది.

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు సర్వేయరు గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన నాలుగు వెంట్రుకలు. మోకాలి నొప్పి వల్ల ఇంటావిడ రాలేదన్నారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాం. కిటికీలోంచి పడమటి గోడ కనబడుతుంది. కర్టెన్ వెయ్యమని మా ఆవిడకు కళ్లతో చెప్పాను. "గాలి రాదు" అని పైకే అనేసింది.

బావ పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. "మొదటిది మార్టినీ. ఇది అతిథి ఆకలిని లేపుతుంది."

"నా ఆకలి ఎప్పుడూ లేచే ఉంటుందయ్యా" అన్నారు సర్వేయరు గారు. అందరం నవ్వాం. బాగా మొదలైంది అనుకున్నాను.

గ్లాసు ఇచ్చాను. ఆయన మర్యాదగా చప్పరించారు. "బాగా కలిపావు తమ్ముడూ. నేను నెలకో రెండు నెలలకో ఒకటి పుచ్చుకుంటాను, అంతే" అన్నారు. ఆ మాట వినబడింది. కాని క్లబ్బులో కూడా అందరూ అదే అనేవారు. ఆరో గ్లాసు చేతిలో పట్టుకుని అనేవారు.

ఆలివ్ తిన్నారు. పుల్ల చేతిలో మిగిలింది. అటు చూశారు, ఇటు చూశారు. టేబుల్ మీద మా ఆవిడ తెల్లగుడ్డ పరిచింది. ప్లేటు లేదు. నేల తుడిచి అద్దంలా ఉంది. ఆయన కాసేపు పుల్లను వేళ్ల మధ్య తిప్పి, గ్లాసు ఖాళీ చేసి, నెమ్మదిగా అందులో వేశారు.

నేను నింపాను.

ఆయన నా వైపు చూశారు. నేను క్లబ్బు నవ్వు నవ్వాను, పళ్లు కనబడనిది. ఆయన గ్లాసు ఎత్తారు.

రెండోది సగంలో ఉండగా ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టారు. ఏదో తీయబోతున్నట్టు గొంతు సవరించుకుని, "తమ్ముడూ, నీ సంగతే..." అని మొదలుపెట్టారు. ముక్క నోట్లో వేసుకుని, గ్లాసు గుటుక్కున తాగి, చెయ్యి ఖాళీ అవ్వాలని కాబోలు పుల్ల గ్లాసులో పడేశారు. నేను నింపాను. ఆయన జేబులోంచి చెయ్యి తీసి గ్లాసు పట్టుకున్నారు. జేబురుమాలు వెతుక్కుంటున్నారేమో అనుకున్నాను.

"రెండోది డైకిరీ. వేయించిన బంగాళాదుంపతో" అని చదివాడు బావ.

"అది మూడోది" అన్నారు సర్వేయరు గారు.

"పుస్తకంలో రెండోది."

"కడుపులో మూడోది."

డైకిరీ తర్వాత పుల్ల, నెగ్రోనీ తర్వాత పుల్ల. బావ దేని గుణం దానికి చదువుతున్నాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను దగ్గరికి వెళ్లాను.

"ఏవండీ, ఆయన కళ్లు చూడండి. ఎందుకలా పోస్తున్నారు?"

"నేను పొయ్యడం లేదు. ఆయన అడుగుతున్నారు."

"నోరు తెరిచి అడిగారా?"

"పుల్ల వేశారు."

"పుల్లేంటండీ?"

"నీకు తెలియదులే. ఇది మా వృత్తి. పైకి అలా కనబడతారు గానీ ఈయన లోపల సముద్రం ఉంది. నాకు ఇలాంటివాళ్లు తెలుసు."

ఆమె ఏదో అనబోయింది. నేను అప్పటికే గ్లాసు వైపు చూస్తున్నాను. పుల్ల నిలబడి ఉంది.

ఐదో గ్లాసు దగ్గర సర్వేయరు గారు చీజ్ ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూశారు. చాలాసేపు చూశారు. "ఇది చదరంగా లేదు" అన్నారు.

నేను కిటికీకి అడ్డంగా జరిగాను. "చీజ్ కదండీ, చెమ్మకు వంగుతుంది" అన్నాను.

"నాలుగు పక్కలా ముప్పావు అంగుళం" అన్నాడు పుస్తకం బావ, వేలు పేజీ మీద పెట్టి. "కొలిచినట్టే ఉంటుంది."

"ముప్పావు కాదు."

"ముప్పావేనండీ. అచ్చయి ఉంది."

"అచ్చులో ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ ఎప్పుడు కుదిరింది నాయనా" అన్నారు సర్వేయరు గారు. జేబులో చెయ్యి పెట్టారు. ఈసారి ఏం వస్తుందో నాకు తెలుసు. చర్రున చప్పుడైంది. ఏడేళ్ల ఒట్టు ఒక చీజ్ ముక్క మీద తెగింది.

"పొడవు ఒకటీ పావు. ఈ పక్క అర. ఈ పక్కకు పేరు లేదు."

"చెల్లీ!" అన్నాడు బావ.

"వెధవ చీజ్" అంది మా ఆవిడ.

సర్వేయరు గారి మొహంలో వెలుగు వచ్చింది. చాలాకాలం ఉపవాసం ఉన్నవాడికి ముద్ద దొరికినట్టు. మిగిలిన ముక్కలన్నీ కొలిచారు. తర్వాత టేబుల్ కొలిచారు. "ఒక కాలు పొట్టి" అన్నారు. నాకు తెలుసు, దానికింద అట్టముక్క పెట్టాను. గుమ్మం కొలిచారు. మా ఆవిడ భుజాలు కొలవబోయి, "క్షమించమ్మా, అలవాటు" అని వెనక్కి తగ్గారు. నేను వెంటనే ఓల్డ్ ఫ్యాషన్డ్ కలిపాను. మనిషిని కూర్చోబెట్టాలంటే గ్లాసు ఒకటే దారి అని నా వృత్తి నేర్పింది. ఆయన నిలబడే తాగారు, గుడ్డు మింగారు, పుల్ల గ్లాసులో వేసి నా వైపు చూశారు. ఆ చూపులో ప్రాధేయపడటం ఉందని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నాకు పుల్లే కనబడింది. ఏడోది నింపాను.

అది ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు టేబుల్ మీద బోర్లించారు.

"ఎనిమిదోది లేకుండా ఇదొక్కటే దారిలా ఉంది" అన్నారు. "తమ్ముడూ, ఒక్కమాట అడుగుతాను. నా దగ్గర ఏం దాస్తున్నావు?"

"అయ్యో, ఏముంటుందండీ?"

"నలభై ఏళ్లు చూశాను. కొలవడానికి పిలిచి కాఫీ ఇచ్చేవాడు మంచివాడు. భోజనం పెట్టేవాడి గట్టు ఒక అడుగు జరిగి ఉంటుంది. నువ్వు వరసగా ఏడు పోశావు. ఒక్కటి దిగకముందే ఇంకోటి. ఇచ్చిన గ్లాసు మిగల్చడం ఇచ్చినవాణ్ణి అవమానించడమని మా నాన్న నేర్పాడు కాబట్టి తాగాను. నీదెంత జరిగిందయ్యా?"

"మీరే కదండీ అడిగారు! పుల్ల గ్లాసులో వేశారు!"

"మరెక్కడ వెయ్యను? జేబులోనా?"

మా ఆవిడ నుదురు కొట్టుకున్న చప్పుడు వినబడింది.

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "పొద్దున్నే సంతకం చేసి తెచ్చాను. పదిహేనేళ్లు. కొలతలూ గిలతలూ వద్దు, మనిషి మాట చాలు అనుకున్నాను. రెండో గ్లాసప్పుడు ఇద్దామని జేబులో చెయ్యి పెట్టాను. నువ్వు చేతిలో గ్లాసు పెట్టావు." కాగితం మళ్లీ లోపల పెట్టుకున్నారు. "ముందు గోడ చూద్దాం పద."

ఎండ ఇంకా ఉంది. చీకటి పడి ఉంటే బాగుండును. ఆయన తూలుతూ బయటికి నడిచారు గాని, గోడ దగ్గరికి రాగానే గీత గీసినట్టు నిలబడ్డారు. మనిషి తూలుతున్నాడు, చెయ్యి తూలడం లేదు. వీధి మూలలో గడ్డి కింద పాతిన సర్వే రాయి నాకు పద్నాలుగేళ్లలో ఒక్కసారీ కనబడలేదు. ఆయన కాలితో రెండుసార్లు గీకి బయటికి తీశారు.

"ఒకరు చివర పట్టుకోండి" అన్నారు.

"నేను పడతాను" అని ముందుకు దూకాను.

"నువ్వు కాదు. నువ్వు ఒకసారి పట్టుకున్నట్టున్నావు" అని టేపు చివర పుస్తకం బావకు ఇచ్చారు.

బావ పుస్తకం చంకలో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకోవడమా అది! టేపు కొస రాయి మీద, వేలికొస టేపు మీద, వెంట్రుకంత సందు లేదు. నేను పక్కన నిలబడి గొణిగాను. "బావా, కాస్త వదులుగా పట్టుకో."

"వదులుగా పడితే తప్పొస్తుంది బావా" అన్నాడు, వీధంతా వినబడేలా.

"చేతులు నొప్పెడతాయని."

"ఏం ఫరవాలేదు. భూమి కొలతల పుస్తకం చదివాను. టేపు బిగుతుగా ఉండాలని మొదటి అధ్యాయంలోనే ఉంది."

జీవితంలో ఆయన పనికొచ్చే సగం చదివింది ఆ ఒక్క పుస్తకమే.

సర్వేయరు గారు గోడ పొడవునా మూడు చోట్ల కొలిచారు. "పన్నెండు అంగుళాలు" అన్నారు. "నీ గోడ నా స్థలంలో పన్నెండు అంగుళాలు నడిచొచ్చింది తమ్ముడూ. ముప్పై ఆరు అడుగుల పొడవునా."

"తాడు జారి ఉంటుందండీ" అన్నాను.

"మూడు చోట్లా సమానంగా జారింది. తాడు తెలివైనది." ఒకసారి కళ్లు నులుముకున్నారు. "కానీ తాగినవాడి కొలత చెల్లదు. పొద్దున్నే వచ్చి మళ్లీ కొలుస్తాను." అని టేపు చుట్టి, గోడ పట్టుకుని, ఆ గోడ ఎవరిదో గుర్తొచ్చినట్టు చెయ్యి తీసేసి, నడుచుకుంటూ ఇంటికెళ్లారు.

తెల్లారేదాకా నాకు ఒకటే ఆశ. ఏడు గ్లాసులు తాగిన మనిషి. చేతులు వణికి ఉంటాయి, కళ్లు రెండు గోడలు చూసి ఉంటాయి. తలనొప్పితో లేస్తాడు, మర్చిపోతాడు. మా ఆవిడ మాత్రం పడుకునే ముందు ఒకే మాట అంది. "గోడ సంగతి మీకు ముందే తెలుసు కదూ?"

"సంబంధం లేదు" అన్నాను.

"టీ ఇచ్చి ఉంటే..." అని అటు తిరిగి పడుకుంది. ఆ వాక్యం ఆమె ఇప్పటికీ పూర్తి చెయ్యలేదు. రోజూ మొదలుపెడుతుంది.

పొద్దున్నే సర్వేయరు గారు వచ్చారు. స్నానం చేసి, తలకు తడిగుడ్డ చుట్టుకుని. బావ అప్పటికే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, ఎవరూ పిలవకుండానే. టేపు చివర పట్టుకున్నాడు. నేను నా గుమ్మంలో కూర్చుని చూశాను. ఆయన మూడు చోట్ల కొలిచి, నాలుగో చోట కూడా కొలిచి, మొదటి చోటుకు మళ్లీ వచ్చారు.

"నిన్న తప్పు కొలిచాను తమ్ముడూ" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. మోకాళ్లు కూడా నొప్పెట్టలేదు.

"పన్నెండు కాదు, పదిహేను. మందు నీ పక్షాన మాట్లాడింది."

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను, చెప్పడానికి నాకూ ఇష్టం లేదు. ఆయన నా మీద కేసు పెట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. గోడ పడగొట్టి రాయి లైనులో కట్టుకోమన్నారు, నెలరోజులు గడువిచ్చారు. జేబులోంచి సంతకం చేసిన కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలు ఎక్కడ వెయ్యాలో తెలియక చుట్టూ చూశారు. మా ఆవిడ పరుగున వెళ్లి ప్లేటు తెచ్చింది. ఆలస్యంగా వచ్చిన ప్లేటు.

"ఈ వీధిలో టేపు చివర వదులుగా పట్టుకోమన్నా పట్టుకోని మనిషి ఇతనొక్కడే" అని బావ భుజం తట్టారు. "నువ్వేమైనా పెట్టుకుంటావా నాయనా ఆ మూలలో?"

"పుస్తకాల గది పెడతానండీ. ఊరికే చదువుకుని వెళ్లొచ్చు" అన్నాడు బావ. ఆలోచించను కూడా లేదు. సగం ఆలోచన ఎప్పుడో చేసి పెట్టుకున్నట్టున్నాడు.

ఇప్పుడు ఆ మూలలో, పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ముక్కలో రేకుల గది ఉంది. లోపల కౌంటరు ఉంది. పాత చెక్కతో చేసింది, ఆరడుగులు. బావ దాన్ని తుడవడు. మొన్న చూడలేక నేనే వెళ్లి నిమ్మచెక్కతో రుద్దొచ్చాను. రుద్దుతుంటే ఆయన పాత కాక్‌టెయిల్ పుస్తకం తీసి, మొహం వెలిగిపోతూ, "బావా, దీని రెండో సగం నిన్న చదివాను" అన్నాడు.

"చెప్పకు" అన్నాను.

"ఆ సగం మొదటి పేజీలోనే ఉంది. 'వాడిన పుల్లలు వేసుకోవడానికి ఒక చిన్న గిన్నె తప్పనిసరిగా పెట్టండి.' ఎంత ముందుచూపో చూశావా!"

చూశాను. కౌంటరు మీద ఆయన టీ గ్లాసు ఉంది, అందులో చెంచా నిలబడి ఉంది. నా చెయ్యి దానంతటదే లేచి, కెటిల్ అందుకుని, ఆ గ్లాసు నింపింది.

గోడ పడగొట్టి కట్టడానికి పదకొండు రోజులు పట్టింది. ఈసారి తాడు బావ పట్టుకున్నాడు. నాకు పోయింది ముప్పై ఆరు అడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు. నలభై ఐదు చదరపు అడుగులు.